ఈస్ట్రాడయోల్ వేసినా ఈపీసీల్లో తేడా రావట్లేదా? ముందు మీడియం చూడండి

రక్తం నుంచి పెంచిన ఈపీసీలకి (ఎండోథీలియల్ ప్రొజెనిటర్ సెల్స్, అంటే రక్తనాళాల లోపలి పొరగా మారే మూలకణాల్లాంటివి) 1 మైక్రోమోలార్ ఈస్ట్రాడయోల్, అంటే ఈస్ట్రోజన్ హార్మోన్, వేసినా కంట్రోల్‌కీ దానికీ తేడా లేదు, మూడుసార్లు చేసినా అంతే అన్నారు కదండీ. అప్పుడే హార్మోన్ కొత్త సీసా ఆర్డర్ పెట్టకండి, నా అనుమానం మీ మీడియం మీద, అంటే కణాల్ని పెంచే ద్రవం మీద. అందులో ఎర్ర రంగు ఉంది చూశారూ, ఫినాల్ రెడ్, అది కూడా కాస్త ఈస్ట్రోజన్‌లాగే పనిచేస్తుంది, 1986లోనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో చూపించారు ఈ సంగతి. పైగా మీడియంలో కలిపే సీరంలో ఎలాగూ స్టెరాయిడ్ హార్మోన్లు ఉంటాయి. అంటే మీ కంట్రోల్ కణాలు ఆల్రెడీ కడుపునిండా తిని కూర్చున్నాయి, ఇంక మీరు కొత్తగా వడ్డిస్తే ఏం తింటాయి చెప్పండి!

ఫినాల్ రెడ్ లేని మీడియం, చార్‌కోల్ స్ట్రిప్డ్ సీరం (బొగ్గుతో హార్మోన్లు తీసేసినది) తీసుకుని ఒకట్రెండు రోజులు అందులో ఉంచి అప్పుడు హార్మోన్ వేయండి. కణాలు కొంచెం నీరసిస్తాయి, చార్‌కోల్ వేరేవి కూడా లాగేస్తుంది మరి, కంగారు పడొద్దు. మీడియం కిట్‌లో ఇచ్చే వీఈజీఎఫ్ (రక్తనాళ కణాల్ని పెంచే ప్రొటీన్) ఫుల్ డోసులో ఉన్నా తేడా కనపడకపోవచ్చు, అది తగ్గించి చూడండి.

డోసు కూడా మరీ ఎక్కువండీ, 1 మైక్రోమోలార్ అంటే 1000 నానోమోలార్; అండం విడుదలకి ముందు పీక్‌లో ఉన్నప్పుడు కూడా రక్తంలో సుమారు 1 నానోమోలారే, 0.1 నుంచి 10 నానోమోలార్ దాకా పెట్టుకోండి. హార్మోన్‌ని కరిగించిన ఇథనాల్‌ని కంట్రోల్‌లో కూడా అంతే వేయడం, ఒక వెల్‌లో హార్మోన్‌తో పాటు ఫుల్‌వెస్ట్రాంట్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్‌ని అడ్డుకునే మందు) కలపడం మర్చిపోవద్దు.

అన్నట్టు అవి ఏడో రోజు కణాలా, రెండుమూడు వారాలకి కాలనీలుగా వచ్చినవా? ఏడో రోజువైతే చాలావరకు మోనోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) జాతే, అప్పుడు కథ వేరు.