కాక్‌పిట్ కబుర్లు: పాస్ ఉన్నా అడిగే ఎక్కాలి

యలహంకలో మా మేడ మీద కూర్చుంటే దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకు వచ్చిపోయే విమానాలు కనిపిస్తాయి. 65 నిండగానే రూలు ప్రకారం పైలట్ సీటు దిగిపోయాను గానీ, చప్పుడు వినిపిస్తే మెడ ఇంకా పైకే లేస్తుంది. "కాఫీ చల్లారుతోంది. మీరు చూడకపోయినా అది దిగుతుంది" అంటుంది మా ఆవిడ.

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే కుర్చీ గురించి. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల (కెప్టెన్, ఆయన పక్కన కో-పైలట్ అయిన ఫస్ట్ ఆఫీసర్) వెనక ఒక మడత కుర్చీ ఉంటుంది. జంప్‌సీట్ అంటాం. తనిఖీకి వచ్చే అధికారులు, శిక్షణలో ఉన్నవాళ్ళు, అప్పుడప్పుడు డ్యూటీకో ఇంటికో వెళ్ళే పైలట్లు దాని మీద కూర్చుంటారు. గంటన్నర కూర్చుంటే నడుము సంగతి తెలుస్తుంది.

ప్రశ్న: కెప్టెన్ గారూ, నేను బెంగళూరు బేస్‌లో ఫస్ట్ ఆఫీసర్‌ని. అమ్మానాన్నలు విశాఖలో ఉంటారు. సెలవు దొరికితే వెళ్ళి, డ్యూటీ ముందురోజు స్టాఫ్ టికెట్ (ఖాళీ ఉంటేనే సీటు దొరికే ఉద్యోగుల టికెట్) మీద తిరిగి వస్తుంటాను. పోయిన నెల విమానం నిండిపోయింది. మా కంపెనీదే కాబట్టి కౌంటర్‌లో జంప్‌సీట్ రాసిచ్చారు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ చెక్‌లిస్టులో ఉన్నారు. డిస్టర్బ్ చేయడం ఎందుకని చప్పుడు చేయకుండా కుర్చీ విప్పుకుని కూర్చున్నాను. కెప్టెన్ వెనక్కి తిరిగి, "ఎవరు నువ్వు? ఎవర్నడిగి కూర్చున్నావ్?" అని క్యాబిన్ క్రూ ముందే అరిచారు. కాగితం చూపిస్తే కూర్చోనిచ్చారు గానీ బెంగళూరు దాకా ఒక్క మాట లేదు. వచ్చే వారం ఆయనతోనే నాకు డ్యూటీ పడింది. టెన్షన్‌గా ఉంది. చేతిలో కాగితం ఉండగా నేను చేసిన తప్పేమిటి?
— పేరు వద్దన్న ఫస్ట్ ఆఫీసర్, మారతహళ్లి

జవాబు: మా అబ్బాయి కంటే చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే అంటాను.

మా నాన్న తెనాలి డిపోలో ఆర్టీసీ డ్రైవర్. వేసవి సెలవుల్లో ఆయన బస్సెక్కి తిరగడమే నాకు ఊటీ. అప్పటి బస్సుల్లో డ్రైవర్ పక్కనే ఇంజన్ బానెట్ ఉండేది, దాని మీద ఒక గోనెపట్టా. డ్యూటీ దిగి ఇంటికి పోయే డ్రైవర్లు, డ్యూటీ ఎక్కడానికి డిపోకి వచ్చే డ్రైవర్లు దాని మీదే కూర్చునేవాళ్ళు. అందరి జేబుల్లోనూ పాసుండేది. అయినా ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి "అన్నా, డిపో దాకా" అనేవాళ్ళు. నాన్న తల ఊపితేనే లోపలికి. ఒకసారి ఒకాయన అడక్కుండా ఎక్కి కూర్చున్నాడు. నాన్న ఏమీ అనలేదు. బస్సు కదపలేదు, అంతే. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆ మనిషికి వెలిగింది. దిగి, మళ్ళీ ఎక్కి, అడిగాడు.

నీ కాగితం కౌంటర్ వాళ్ళిచ్చింది. దాంతో నీ బరువు లోడ్‌షీట్‌లో, అంటే విమానం బరువుల లెక్కలో చేరుతుంది, గేటు దాటతావు. లోపల ఎవరుండాలన్నది కెప్టెన్ చూసుకోవాలి. ఏం జరిగినా జవాబు చెప్పేది ఆయనే కదా. బోయింగ్ 737లో అయితే ఆ కుర్చీని తలుపుకు అడ్డంగా విప్పాలి. కెప్టెన్ బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా నువ్వు లేచి, కుర్చీ మడిచి, పక్కకు ఒదగాలి. అంటే దారి పొడుగునా వాళ్ళ గడప మీద కూర్చున్నట్టే. ఎవరింటి గడప మీదైనా అడక్కుండా కూర్చుంటామా?

చెక్‌లిస్టు మధ్యలో పలకరించకపోవడం మంచిదే. కానీ లోపలికి దూరకుండా బయట గ్యాలీలో, తిండి సర్దే చోట నిలబడాల్సింది. చెక్‌లిస్టు అయ్యాక వాళ్ళే తల తిప్పుతారు. అప్పుడు పేరు, ఏ విమానం నడుపుతావు, ఎక్కడికి, ఎందుకు చెప్పి, ఐడీ కార్డు, లైసెన్సు చేతికిచ్చి, "సర్, మీకు అభ్యంతరం లేకపోతే జంప్‌సీట్ తీసుకుంటాను" అంటే సరిపోయేది. వద్దన్నా "థాంక్యూ సర్" అని వెనక్కి తిరగాలి. ఆ రోజు ఫస్ట్ ఆఫీసర్‌కి లైన్ చెక్ (విమానం నడుపుతుండగా పెట్టే పరీక్ష) ఉందేమో, విమానంలో ఏదో లోపం చూసుకుంటున్నారేమో నీకేం తెలుసు? కారణం అడక్కూడదు.

ఆయన అంత ఉలిక్కిపడటం నాకు అర్థమవుతుంది. 1994 ఏప్రిల్‌లో అమెరికాలో మెంఫిస్ నుంచి బయల్దేరిన ఒక సరుకు విమానంలో, జంప్‌సీట్ ప్రయాణం పేరుతో ఎక్కిన సొంత ఉద్యోగే సుత్తులతో సిబ్బంది తలలు పగలగొట్టాడు. ముగ్గురూ రక్తం కారుతూనే విమానాన్ని వెనక్కి తిప్పి దించారు. 2023 అక్టోబర్‌లో అమెరికాలోనే ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే విమానంలో జంప్‌సీట్ మీదున్న పైలట్, ఇంజన్లు ఆపేసే ఫైర్ హ్యాండిళ్ళను లాగబోయాడు. సిబ్బంది అడ్డుకుని పోర్ట్‌లాండ్‌లో దింపారు. అడగడమనే చిన్న తతంగంలో కెప్టెన్ నీ మొహం, నీ కళ్ళు, నీ మాట చూసుకుంటాడు. నువ్వు చప్పుడు చేయకుండా కూర్చుని ఆ అవకాశం ఆయనకివ్వలేదు.

అడిగితే ఇంకో లాభం ఉంది. సరేనన్న కెప్టెన్ రెండు నిమిషాలు బ్రీఫింగ్ ఇస్తాడు. ఆక్సిజన్ మాస్క్ ఇదిగో, హెడ్‌సెట్ పెట్టుకో, పదివేల అడుగుల కింద కబుర్లొద్దు, తేడాగా ఏదైనా కనిపిస్తే మాత్రం చెప్పు. ఆ చివరి మాటతో నువ్వు బరువు కాస్తా మూడో జత కళ్ళవుతావు. ఒకసారి వానలో చెన్నైలో దిగుతుండగా నేను వెనక కూర్చున్నాను. ఫస్ట్ ఆఫీసర్ వైపు ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లో గాలి పీడనం 1006 అని పెట్టి ఉంది, కెప్టెన్ వైపు 1016. పది అంకెల తేడా అంటే దాదాపు మూడొందల అడుగులు, అదీ ఉన్నదాని కంటే ఎత్తులో ఉన్నట్టు చూపించే వైపు. వేలుపెట్టి చూపించాను, నోరు కూడా విప్పలేదు. కెప్టెన్ తిప్పి సరిచేసి, తల ఊపాడు. వాళ్ళ క్రాస్‌చెక్‌లో ఎలాగూ దొరికేదే. కానీ ముందుగా "చెప్పు" అని ఉండకపోతే నా వేలు అంత తేలిగ్గా లేచేది కాదు.

2018 అక్టోబర్ 28న బాలి నుంచి జకార్తా వెళ్ళిన బోయింగ్ మాక్స్ కాక్‌పిట్‌లో మూడో పైలట్ ఒకాయన ఉన్నాడు. ముక్కు పదేపదే కిందికి వాలుతుంటే, దాన్ని అలా వంచుతున్న ట్రిమ్ మోటార్‌ను ఆపేసి గమ్యం చేర్చారు. మర్నాడు అదే విమానం, అదే జబ్బు, ఆ మూడో మనిషి లేడు. 189 మంది పోయారు. 1989లో అమెరికాలోని సూసిటీలో హైడ్రాలిక్స్ (విమానాన్ని తిప్పే భాగాలను కదిలించే వ్యవస్థ) మొత్తం పోయిన డీసీ-10 విమానం సంగతి నువ్వు ట్రైనింగ్‌లో వినే ఉంటావు. ప్రయాణికుల్లో ఉన్న ఒక శిక్షణ కెప్టెన్ వెళ్ళి, ఇంజన్ల జోరు పెంచి తగ్గించే థ్రాటిళ్ళు పట్టుకున్నాడు. 296 మందిలో 184 మంది బతికారు. అంతటి ఆపదలోనూ ఆయన తోసుకుని వెళ్ళలేదు. సహాయం కావాలేమో కనుక్కోమని ఎయిర్‌హోస్టెస్‌తో కబురు పంపాడు. కెప్టెన్ రమ్మన్నాకే వెళ్ళాడు.

నీకింత చెబుతున్నాను గానీ నేను చేసిన ఘనకార్యం వింటావా? 1996, ఢిల్లీ నుంచి బెంగళూరు, అప్పట్లో పాత హెచ్.ఎ.ఎల్. ఎయిర్‌పోర్టు. అడిగే కూర్చున్నాను. మధ్యలో అమ్మాయి ట్రే తెచ్చి "సర్, భోజనం" అంది. ఆకలి. ఎవరిదని అడక్కుండా పప్పన్నం, కూర, గులాబ్‌జామ్ అన్నీ ఖాళీ చేశాను. ఇద్దరు పైలట్లకూ ఒకే భోజనం పెట్టరని నీకు తెలుసు. తిండి తేడా చేస్తే ఇద్దరూ ఒకేసారి పడిపోకూడదని. నేను తిన్నది కెప్టెన్ ట్రే. మిగిలిన దాంట్లో కోడికూర, ఆయన శాకాహారి. బిస్కెట్లు, బ్లాక్ కాఫీతో బెంగళూరు దాకా వచ్చాడు. వాతావరణం గురించి, మా తెనాలి గురించి చక్కగా మాట్లాడాడు, దీని గురించి అక్షరం అనలేదు. దిగాక మెట్ల దగ్గర పర్సర్, అంటే క్యాబిన్ క్రూ పెద్ద, చెప్పింది. ఆ గులాబ్‌జామ్ ఇప్పటికీ గొంతులోనే ఉంది.

మీ కెప్టెన్ చేసింది కూడా తప్పే. జూనియర్‌ని క్యాబిన్ క్రూ ముందు అరవకూడదు. అంతమాత్రాన ఆయన తప్పును నువ్వు ఎత్తి చూపక్కర్లేదు. వచ్చే వారం పది నిమిషాలు ముందెళ్ళు. "సర్, ఆ రోజు విశాఖ విమానంలో మిమ్మల్ని అడక్కుండా కూర్చున్నాను, సారీ" అని ఊరుకో. దాని వెనక "కానీ" తగిలించకు. తర్వాత ఫ్యూయల్ గురించి మాట్లాడుకోండి.

ప్రశ్న: మా వారు పైలట్. బేస్ హైదరాబాద్, ఇల్లు బెంగళూరు. మా పాప అన్నప్రాసన ముందురోజు సాయంత్రం "వస్తున్నా" అన్నారు. ఆఖరి విమానంలో జంప్‌సీట్ ఒక్కటే ఉంటే, ఎవరో పైలట్‌కి ఇచ్చేసి తెల్లారి తొమ్మిదింటికి దిగారు. ముహూర్తం ఎనిమిదిన్నరకి. మర్యాద అంటే ఇంటివాళ్ళని ఏడిపించడమా?
— ఒక ఇల్లాలు, కె.ఆర్.పురం

జవాబు: అమ్మా, ఆ రెండో పైలట్ డ్యూటీకి వెళ్తున్నాడా, ఇంటికి వెళ్తున్నాడా అని మీ వారిని అడగండి. డ్యూటీకైతే ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు సరి. ఆ మనిషి చేరకపోతే మర్నాడు బెంగళూరులో నూట ఎనభై మంది గేటు దగ్గర కూర్చోవాలి. ఇంటికి వెళ్ళేవాడు డ్యూటీకి వెళ్ళేవాడికి దారివ్వడం మాలో రాయని నియమం. ఇద్దరూ ఇంటికే అయితే, ముందు పేరు రాయించుకున్నవాడిది సీటు. అప్పుడు కూడా ఇచ్చేశారంటే అది మొహమాటం. ఆ విషయంలో నా ఓటు మీకే.

నాకు కోపం వచ్చింది "వస్తున్నా" అన్న మాట మీద. స్టాఫ్ టికెట్ వాడు అనాల్సింది "దొరికితే వస్తా". అన్నప్రాసన లాంటి వాటికి డబ్బు పెట్టి మామూలు టికెట్ కొనాలి. నేను మా చెల్లెలి పెళ్ళికి పిసినారితనం చేసి, తాళి కట్టాక చేరాను. ఈ కాలమ్ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించండి.

ప్రశ్న: చెన్నై వెళ్తుంటే యూనిఫాం లేని ఒకాయన మెడలో కార్డుతో కాక్‌పిట్‌లోకి వెళ్ళి, దిగేదాకా బయటికి రాలేదు. ఇది సబబేనా? భయమేసింది.
— ఒక ప్రయాణికుడు, హోసూరు

జవాబు: డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) తనిఖీ అధికారి అయ్యుంటారు, లేదా కంపెనీ పైలట్. అనుమతి ఉన్నవాళ్ళే వెళ్ళాలి. 2023లో దుబాయ్ నుంచి ఢిల్లీ వస్తున్న విమానంలో స్నేహితురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చిన కెప్టెన్ లైసెన్సును మూడు నెలలు సస్పెండ్ చేశారు, కంపెనీకి 30 లక్షల జరిమానా వేశారు. భయపడకండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చిన్న ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్. ఇల్లు డాలస్, డ్యూటీ షికాగో. పోటీ కంపెనీల విమానాల్లో కూడా డబ్బు లేకుండా వెళ్ళి వస్తానంటాడు. నిజమేనా? తీసుకెళ్ళే వాళ్ళకు ఇవ్వమని మన స్వీట్లు పంపాలనుకుంటున్నాం. మంచిదేనా?
— ఒక తల్లి, వైట్‌ఫీల్డ్

జవాబు: నిజమేనమ్మా. అక్కడ కంపెనీల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలున్నాయి. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అన్నీ ఆగిపోయి, కొన్నేళ్ళకు క్యాస్ అనే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. గేటు దగ్గర మీవాడి ఉద్యోగం, ఫొటో అందులో సరిచూశాకే కాక్‌పిట్ సీటు. ఆ కంపెనీ సొంత పైలట్లది ముందు వరస, మీవాడిది తర్వాత. ఆఖరి మాట అక్కడా కెప్టెన్‌దే. మన దేశంలో ఆ పద్ధతి లేదు. ఇక్కడ ఎవరి కంపెనీ పుస్తకం వాళ్ళది.

సీటు దొరుకుతోంది కదా అని రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్న డ్యూటీ ఎక్కొద్దని మీవాడికి గట్టిగా చెప్పండి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కూలిన విమానంలో కో-పైలట్, ముందురోజు రాత్రి సియాటెల్‌లో సరుకు విమానమెక్కి, మెంఫిస్ మీదుగా తెల్లారి నెవార్క్ చేరిన అమ్మాయి. పడుకోవడానికి సరైన చోటు లేదు. యాభై మంది పోయారు. అలసట ఒక్కటే కారణమని చెప్పలేం, లేదనీ చెప్పలేం. షికాగోలో నలుగురు కలిసి అద్దెకు తీసుకునే గదులుంటాయి, క్రాష్ ప్యాడ్ అంటారు. పేరు చూసి కంగారు పడకండి, మంచం దొరికే చోటే. ఆ అద్దెకు లోభపడొద్దనండి.

స్వీట్ల సంగతి. క్యాబిన్ క్రూకి చాక్లెట్లు తీసుకెళ్ళడం అక్కడి పైలట్లలో మామూలే. మనవి కూడా బ్రహ్మాండంగా ఉంటాయి గానీ, షాపులో సీల్ చేసిన ప్యాకెట్టే ఇవ్వాలి. ఇంట్లో చేసిన డబ్బా, ఎంత ప్రేమగా చేసినా, ముక్కూ మొహం తెలియనివాళ్ళు తినరు. పూతరేకులు వద్దు. కొరకగానే బెల్లం పొడి యూనిఫాం నిండా రాలుతుంది. కాకినాడ కాజాలో పాకం కారుతుంది. బందరు లడ్డూ అయితే ఒక్కొక్కటి విడిగా చుట్టింది చూసి కొనండి. ఎక్కగానే క్యాబిన్ క్రూ చేతికివ్వమనండి, సీటు దొరకడానికి ముందు గేటు దగ్గర ఇస్తే లంచంలా ఉంటుంది.