మామిడి ఐస్ టీ మసకబారి చేదెక్కుతుంటే

గుజ్జు కలపకముందే, ఫ్రిజ్‌లో పెట్టిన డికాషన్ మసకబారి చేదుగా తయారవుతోందని రాశారు. పాలటీకి వాడే పొడినే అయిదు నిమిషాలు మరిగిస్తున్నానన్నారు కదా, తేడా అక్కడే ఉందండీ. అంతసేపు మరిగితే వగరు పదార్థాలు బాగా దిగుతాయి. వేడిలో కరిగి ఉన్న అవే, చల్లబడగానే కెఫీన్‌తో జతకట్టి తెరలా తేలతాయి. పాడైనట్టు కాదు, పారబోయకండి. కాసిని మరిగే నీళ్లు పోస్తే మళ్లీ తేటపడుతుంది.

ఈసారి పొడి బదులు ఆకు టీ తీసుకోండి. నీలగిరి రకమైతే మరీ మంచిది, చల్లారినా తేటగా ఉంటుంది. లీటరు చల్లటి తాగునీటిలో 10 గ్రాముల ఆకు వేసి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో 8 గంటలు ఉంచండి. రాత్రి వేస్తే పొద్దునకు సిద్ధం. వడకట్టేటప్పుడు ఆకును మాత్రం పిండొద్దు, వగరంతా మళ్లీ వచ్చేస్తుంది.

చల్లటి టీలో పంచదార సరిగా కరగదు. 100 గ్రాముల పంచదారను 100 మి.లీ. నీళ్లలో వేడిచేసి కరిగించి, చల్లార్చి పెట్టుకోండి.

గ్లాసుకు 150 మి.లీ. టీ, రెండు పెద్ద చెంచాల మామిడి గుజ్జు, ఒక పెద్ద చెంచా పంచదార నీళ్లు, అర చెంచా నిమ్మరసం సరిపోతాయి. నిమ్మరసం పడగానే టీ రంగు తేలిపోతుంది, కంగారు పడకండి. బంగినపల్లి గుజ్జు నున్నగా వస్తుంది. రసాలకు పీచు ఎక్కువ, జల్లెడలో వడకట్టాల్సిందే. గుజ్జు అడుగుకు దిగిపోతుంది కాబట్టి తాగేముందే కలపండి. వట్టి టీ అయితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది.