రాబోయే క్రీడా పోటీల్లో మీరు దేనికోసం ఎదురుచూస్తున్నారు?

ఈ ప్రశ్నకు ఎక్కువ మంది ఐపీఎల్ అనో, జూన్ 11న మొదలయ్యే ఫుట్‌బాల్ ప్రపంచకప్ అనో రాస్తారని తెలుసు. ఫుట్‌బాల్ నేనూ చూస్తాను. కానీ 48 జట్లు, 104 మ్యాచ్‌లు, అందులో చాలావరకు మనకు అర్ధరాత్రీ తెల్లవారుజామునా. పొద్దున్నే ఆఫీసుకు పోవాల్సినవాడు ఎన్నని చూస్తాడు? నా లెక్కంతా ఆగస్టు 17 మీదే. 2026 బ్యాడ్మింటన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఆ రోజు ఢిల్లీలో మొదలై 23 దాకా నడుస్తుంది. మన దేశంలో ఈ పోటీ జరగడం ఇది రెండోసారి. మొదటిసారి ఎక్కడనుకున్నారు? 2009లో, మన గచ్చిబౌలిలో.

అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. క్వార్టర్ ఫైనల్స్ రోజు మా చిన్నాయనను బతిమాలి వెంట తీసుకెళ్లాను. ఆయనకు క్రికెట్ తప్ప ఇంకోటి ఆటే కాదు. "షటిల్ చూడ్డానికి గచ్చిబౌలి దాకా పోవాల్నారా? మన అపార్ట్‌మెంట్ కింద రోజూ ఆడుతలేరా?" అని మెహదీపట్నంలో బస్సు మారేదాకా సణుగుతూనే ఉన్నాడు. అవి స్వైన్ ఫ్లూ రోజులు. బస్సులో సగం మంది ముక్కుకు కర్చీఫ్ కట్టుకున్నారు. పైగా ఉగ్రవాదుల బెదిరింపు ఉందని ఇంగ్లండ్ జట్టు ఆడకుండానే వెనక్కి వెళ్లిపోయింది, కాబట్టి గేటు దగ్గర తనిఖీ మామూలుగా లేదు. చిన్నాయన జేబులోని పొగాకు డబ్బీ తెరిపించి మరీ చూశారు. ఆ కోపం సీటులో కూర్చున్నాకా తగ్గలేదు.

సైనా, చైనా అమ్మాయి వాంగ్ లిన్ కోర్టులోకి వచ్చాక కథ మారింది. మాకు దొరికినవి కోర్టుకు పక్కగా, కింది వరుసల్లో సీట్లు. టీవీలో కెమెరా ఎప్పుడూ వెనకాల, పైనుంచి ఉంటుంది కదా, అక్కడినుంచి చూస్తే షటిల్ తాపీగా గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే స్మాష్ కొట్టిన చప్పుడు చెవిలో పడేలోపే షటిల్ అవతల నేలను తాకేస్తుంది. బూట్లు కీచుమనడం, నెట్ దగ్గర మెల్లగా పడేసే డ్రాప్ అందుకోవడానికి ముందుకు దూకినప్పుడు ఊపిరి బలంగా వదలడం, అన్నీ వినిపిస్తాయి. చిన్నాయన నోరు తెరుచుకుని మెడ అటూ ఇటూ తిప్పుతున్నాడు. కాసేపటికి నా మోచేయి పట్టుకుని "ఇంత స్పీడుంటదని టీవీల చెప్పరేందిరా!" అన్నాడు. ఇక అక్కడినుంచి ర్యాలీ మధ్యలోనే చప్పట్లు, గీత దగ్గర ఏది పడినా "అవుట్!" అని కేకలు. ముందు వరుసలో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి వేలు పెదాల మీద పెట్టుకుంటే, ఈయన ఆవిడకే ఎదురు చెప్పబోయాడు.

సైనా ఓడిపోయింది. ఆ వాంగ్ లిన్ మరుసటి ఏడాది పారిస్‌లో ప్రపంచ విజేత అయింది, అంటే మన పిల్ల ఓడింది ఎవరో అనామకురాలి చేతిలో కాదు. తిరుగు బస్సులో చిన్నాయన ఈ పాయింటు ఇలా ఆడాల్సింది, ఆ పాయింటు అలా ఆడాల్సింది అని కోచింగ్ మొదలుపెట్టాడు. ఆట తెలిసి ఎంతసేపైందని!

అందుకే బ్యాడ్మింటన్‌ను టీవీలో చూసి "బోర్" అనేవాళ్లతో నేను వాదించను. వాళ్లు సగం ఆటే చూశారు. క్రికెట్ దీనికి పూర్తిగా రివర్స్, అది టీవీలోనే బాగుంటుంది. ఉప్పల్‌లో ఐపీఎల్‌కు వెళితే ఎవరు అవుటయ్యారో అర్థమయ్యేలోపు డీజే మోత, ముందున్నవాడు ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో. వేలు పోసి టికెట్ కొన్నది వాడి ఫోన్ స్క్రీన్ చూడ్డానికా?

అసలు నా బాధ వేరే ఉంది. ఈ పోటీ మళ్లీ హైదరాబాద్‌కు రావాల్సింది. 2011 నుంచి ఒక్క ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కూడా మన దేశం పతకం లేకుండా తిరిగి రాలేదు. ఆ పతకాల్లో ఎక్కువ భాగం గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీలో చెమటోడ్చినవాళ్లవే. సింధుకు ఒక్కదానికే ఐదు, అందులో 2019 బాసెల్ స్వర్ణం ఒకటి. 2017లో గ్లాస్గోలో జపాన్ అమ్మాయి ఒకుహారాతో 110 నిమిషాలు ఆడిన ఫైనల్ గుర్తుందా? అమలాపురం కుర్రాడు సాత్విక్ అయితే డబుల్స్‌లో చిరాగ్‌తో కలిసి 2022లో, 2025లో కాంస్యాలు తెచ్చాడు. అతని స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌లోకి ఎక్కింది. వీళ్లను చూడాలంటే హైదరాబాదీ ఢిల్లీ పోవాలి! పెళ్లికూతురిది మన ఇల్లు, విందు మాత్రం పక్క ఊళ్లో అన్నట్టుంది. పోనీ అక్కడ ఏర్పాట్లయినా గొప్పగా ఉన్నాయా? ఈ జనవరిలో అక్కడే ఇండియా ఓపెన్ జరిగితే పక్షి రెట్ట కోర్టు మీద పడి ఆట ఆపాల్సి వచ్చింది. కాలుష్యం భరించలేనని డెన్మార్క్ ఆటగాడు ఆంటోన్సెన్ రాకుండా ఉండిపోయాడు. ఆగస్టులో ఆ పొగ ఉండదు కానీ, పక్షులు ఎక్కడికి పోతాయి?

అయినా వెళతాను. సింధుకు అప్పటికి 31 నిండుతాయి, సొంత దేశంలో ఆమె ఆడే ప్రపంచ చాంపియన్‌షిప్ ఇంకోటి ఉంటుందని నేను అనుకోను. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తుల కోసం జూన్‌లోనే కూర్చోవాలి. మీరూ వచ్చేట్టయితే నా సలహా ఒకటే: ఫైనల్ టికెట్ కోసం డబ్బు తగలేయకండి, క్వార్టర్స్ రోజుది కొనండి. ఒకేసారి ఒకటికి మించి కోర్టుల్లో ఆట నడుస్తుంది, మనవాళ్లు ఇంకా పోటీలో ఉండే అవకాశమూ ఆ రోజే ఎక్కువ. సీటు మాత్రం కోర్టుకు పక్కగా ఉండేది చూసుకోండి, వెనకవైపుది ఫ్రీగా ఇచ్చినా వద్దు. చిన్నాయన ఇప్పటికే బట్టలు సర్దుకుంటానంటున్నాడు, పొగాకు డబ్బీ లేకుండా వస్తేనే తీసుకెళతానని చెప్పాను.