అమెరికాలో మాజీ సైనికులకు వైద్యం: సైకియాట్రిస్టులు వీఏ కమ్యూనిటీ కేర్ నెట్‌వర్క్‌లో ఎలా చేరాలి?

వీఏ అంటే అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ. దాని ఖర్చుతో మాజీ సైనికులకు వైద్యం చేసే బయటి డాక్టర్ల జాబితాయే కమ్యూనిటీ కేర్ నెట్‌వర్క్. సొంత క్లినిక్ ఉన్న సైకియాట్రిస్టు (మానసిక వైద్యుడు) ఇందులో చేరడానికి వీఏతో నేరుగా ఒప్పందం చేసుకోనక్కర్లేదు. నెట్‌వర్క్‌ను నడిపేవి రెండు సంస్థలు. న్యూజెర్సీ, జార్జియా, ఇల్లినాయి వంటి చోట్ల ఆప్టమ్, టెక్సస్, కాలిఫోర్నియాల్లో ట్రైవెస్ట్. ఎన్‌పీఐ నంబరు (అమెరికాలో ప్రతి డాక్టరుకూ ఉండే గుర్తింపు సంఖ్య), రాష్ట్ర లైసెన్సు, మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్సు (వైద్యంలో పొరపాట్లపై కేసులకు బీమా) చూపించి మీ రాష్ట్రాన్ని చూసే సంస్థ దగ్గర క్రెడెన్షియలింగ్, అంటే అర్హతల తనిఖీ, పూర్తిచేయాలి. ఇందుకు నెలలు పట్టవచ్చు. అప్లికేషన్ పెట్టి అది పూర్తికాకముందే పేషెంట్లను చూడటం మొదలుపెట్టకండి.

చాలామంది దెబ్బతినేది రెఫరల్ దగ్గరే, అంటే వీఏ పేషెంటును మీ దగ్గరికి పంపే ఆమోదం దగ్గర. పేషెంటు నేరుగా వచ్చి అపాయింట్‌మెంట్ తీసుకుంటే డబ్బు రాదు, ముందు వీఏ ఆమోదం ఉండాలి. ఏ సేవలు, ఎన్ని విజిట్లు, ఎప్పటివరకు అన్నది ఆ ఆమోదంలోనే ఉంటుంది. మూడోవంతు విజిట్లు మిగిలి ఉండగానే పొడిగింపు కోసం వీఏకి 10-10172 ఫారం పంపండి. గడువు దాటాక పంపితే చికిత్స మధ్యలో ఆగుతుంది. పీటీఎస్‌డీ (యుద్ధం వంటి భయానక అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య) ఉన్న మనిషికి ఆ విరామం నిజంగా ప్రమాదం.

డబ్బు కోసం పంపే క్లెయిమ్ మీద రెఫరల్ నంబరు తప్పనిసరి, పంపడానికి గడువు వైద్యం చేసిన రోజు నుంచి 180 రోజులు. చెల్లింపు సాధారణంగా మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) రేట్ల ప్రకారమే. పేషెంటు దగ్గర కోపే (పేషెంటు కట్టే వాటా) వసూలు చేయకూడదు, అది ఉంటే వీఏనే పేషెంటుకు బిల్లు పంపుతుంది.

మందుల విషయంలో, అత్యవసరమైతే 14 రోజులకు మించకుండా బయటి నెట్‌వర్క్ ఫార్మసీకి రాయవచ్చు. ఎప్పుడూ వాడే మందుల ప్రిస్క్రిప్షన్ వీఏ ఫార్మసీకి వెళ్లాలి, వాళ్ల ఫార్ములరీ (ఆమోదించిన మందుల జాబితా) చూసుకుని రాయండి. ఆత్మహత్య ఆలోచనలున్న మాజీ సైనికుడికి సంక్షోభ సహాయ నంబరు 988కి ఫోన్ చేసి, మాజీ సైనికుల లైన్ కోసం 1 నొక్కమని మొదటి విజిట్‌లోనే చెప్పండి.