డేటు దాటిన బీరుకు స్టార్లు ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: షాపులో డిస్కౌంట్‌లో దొరికిన ఐపీఏ (చేదు, పరిమళం ఇచ్చే హాప్స్ పువ్వులు దండిగా వేసి చేసే బీరు), బెస్ట్ బిఫోర్ డేటు దాటి రెండు నెలలైంది, తాగితే చప్పగా ఉంది, బీర్లకు రేటింగ్ ఇచ్చే యాప్‌లో రెండు స్టార్లు ఇస్తే అన్యాయమా అని. నన్నడిగితే స్టార్లు ఇవ్వకండి. ఎలా ఉందో మాత్రం డేటుతో సహా రాయండి.

ఆ డేటు వేసింది బీరు తయారుచేసినవాళ్లే. ఆ రోజు దాటాక రుచికి మాది పూచీ కాదని వాళ్లు ముందే చెప్పేశారు. మీ రెండు స్టార్లలో వాళ్లకు తెలియనిదేమీ లేదు. కానీ ఆ అంకె సగటులో కలిసిపోతుంది. రేపు తాజా క్యాను కొనాలనుకునేవాడికి ఆ సగటే కనిపిస్తుంది తప్ప మీ క్యాను మీది డేటు కనిపించదు.

ఐపీఏ విషయంలో ఇది మరీ ముఖ్యం. నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడ స్టోన్ బ్రూయింగ్ వాళ్లు 2012లో ‘ఎంజాయ్ బై’ అని ఒక ఐపీఏ తెచ్చారు, ఏ తేదీలోపు తాగాలో అదే దాని పేరు. గడువు ఐదారు వారాలే. ఇక్కడిదే రష్యన్ రివర్ అనే మరో బ్రూవరీ, వాళ్ల ఐపీఏ ‘ప్లైనీ ది ఎల్డర్’ సీసా మీదైతే చల్లగా ఉంచండి, తాజాగా తాగండి, దాచకండి అని రాసే ఉంటుంది. మా దగ్గర్లోని ఒక బ్రూవరీ ఐపీఏని వాళ్ల ట్యాప్‌రూమ్‌లో, అంటే బ్రూవరీలోనే ఉండే బార్‌లో, తాగాను, నెలల తరబడి షెల్ఫ్ మీద నిలవున్న క్యానూ తాగాను. మొదటిదాంట్లో నారింజ తొక్క, పైన్ చెట్టు వాసన గ్లాసు ఎత్తకముందే తగిలాయి. రెండోదాంట్లో తేనెలాంటి తీపి, వెనకాల తడిసిన అట్టపెట్టె వాసన. హాప్స్ పరిమళం అన్నిటికంటే ముందు పోతుంది, చేదు తగ్గుతుంది, దాని కింద అణిగి ఉన్న మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి పైకి తేలుతుంది. రెండోది మాత్రమే తాగినవాడు ఆ బీరు గురించి తీర్పు చెప్పగలడా?

బీర్ పోటీల్లో జడ్జీలు గ్లాసులో ఉన్నదానికే మార్కులు వేస్తారు కదా అంటారు కొందరు. నిజమే. బీరు జడ్జీలకు పరీక్షలు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ బీజేసీపీ, దాని స్కోర్‌షీట్‌లో మొత్తం 50 మార్కులు, అందులో రుచికి 20, వాసనకు 12. కానీ అక్కడ సీసాను పోటీకి పంపేది తయారుచేసినవాడే. ఎప్పుడు పంపాలో, ఎంత తాజాగా పంపాలో అతని చేతిలోనే ఉంది. మీ డిస్కౌంట్ క్యాను అతను పంపింది కాదు, షాపువాడు తియ్యకుండా వదిలేసింది.

అలాగని బ్రూవరీలను ప్రతిసారీ వెనకేసుకురాను. క్యాను మీద ఏ డేటూ లేకపోతే మొహమాటం లేకుండా స్టార్లు ఇవ్వండి. డేటు ఉంది, ఇంకా దాటలేదు, అయినా పాతబడిన రుచి వచ్చిందంటే కూడా ఇవ్వండి. మీరు ఆ డేటును నమ్మే డబ్బు పెట్టారు. ఈ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది: 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, గది చల్లదనంలో 30 రోజులు, ఫ్రిజ్‌లో 300 రోజులు ఉంటే జరిగే నష్టం దాదాపు ఒకటే. మే నెల హైదరాబాద్‌లో ఎండలో దిగిన పెట్టెలను తలుచుకుంటే డేటు ఒక్కటే ఎందుకు చాలదో తెలుస్తుంది. ఆకుపచ్చ సీసాలో వెలుగు తగిలి కంపు కొట్టే బీరుకూ మార్కులు తగ్గించొచ్చు. గోధుమరంగు గాజు వెలుగును చాలావరకు ఆపుతుందని తెలిసీ ఆకుపచ్చ సీసా ఎంచుకున్నది వాళ్లే.

ఇక దాచుకునే బీర్ల సంగతి వేరు. బార్లీవైన్ (పేరులో వైన్ ఉన్నా ఇది ఘాటైన బీరే) ఆవకాయ లాంటిది, ఐపీఏ కొత్తిమీర పచ్చడి. బెల్జియం ఓర్వాల్ సీసాలో బ్రెట్ అనే ఈస్ట్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, అందుకే నింపిన నాటి రుచి, ఏడాది తర్వాతి రుచి వేర్వేరు. అలాంటివాటికి రేటింగ్ ఇవ్వండి, ఎన్నాళ్ల సీసానో తప్పకుండా రాయండి.

మీ క్యాను విషయానికొస్తే, అడుగున ఉన్న డేటును ఫొటో తీసి, షాపు పేరుతో బ్రూవరీకి మెయిల్ చేయండి. నేను ఒకసారి అలా రాస్తే డిస్ట్రిబ్యూటర్‌ను పంపి ఆ షెల్ఫ్ ఖాళీ చేయించారు. రెండు స్టార్లు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే తీసేయండి, వ్యాఖ్యను ఉంచండి. తాజా క్యాను దొరికినప్పుడు తాగి, అప్పుడూ నచ్చకపోతే నిస్సంకోచంగా ఒక్క స్టారే ఇవ్వండి.