డొమైన్ ఎక్స్‌టెన్షన్‌కు ప్రభుత్వ ఆమోదం ఉండాలా?

ప్రశ్న: మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. మూడేళ్లుగా మా సైట్ డాట్ ఐఓ పేరుతో నడుస్తోంది. మొన్న చైనా నుంచి అంటూ ఒక ఈమెయిల్ వచ్చింది. వాళ్లది ప్రభుత్వ గుర్తింపు ఉన్న డొమైన్ రిజిస్ట్రేషన్ కేంద్రమట. మా కంపెనీ పేరును డాట్ సీఎన్, డాట్ ఏషియాలో రిజిస్టర్ చేయమని ఇంకెవరో దరఖాస్తు పెట్టారట, ఏడు రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే వాళ్లకే ఇచ్చేస్తారట. కంగారుపడి జవాబిస్తే, ఆ పేర్లన్నీ మీరే కొనుక్కోండి, పైగా మీ ఎక్స్‌టెన్షన్‌కు, అంటే పేరు చివరున్న డాట్ ఐఓకు, ప్రభుత్వ ఆమోదం లేదు అంటున్నారు. అసలు అలాంటి ఆమోదం ఒకటి ఉంటుందా? డబ్బు కట్టకపోతే మా సైట్ ఆగిపోతుందా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీకొచ్చిన ఈమెయిల్ ఏళ్ల తరబడి ప్రపంచమంతా తిరుగుతున్నదే. కంపెనీ పేరు ఉన్నచోట ఒకసారి మీ పేరు, ఇంకోసారి మరొకరి పేరు, మిగతాదంతా మామూలే. డొమైన్లు ముందు వచ్చినవాళ్లకు ముందు ఇస్తారు. ఎవరైనా ఒక పేరు అడిగితే, ఈ పేరుతో లోకంలో ఇంకెవరికైనా కంపెనీ ఉందా అని వెతికి, వాళ్లకు ఉత్తరం రాసి, ఏడు రోజులు ఎదురుచూసే రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే సంస్థ) ఎక్కడా ఉండదు. కొత్త ఎక్స్‌టెన్షన్ మొదలైన తొలి నెలల్లో, ట్రేడ్‌మార్క్ క్లియరింగ్‌హౌస్ అనే ఉమ్మడి ట్రేడ్‌మార్క్ జాబితాలో ముందే నమోదు చేసుకున్నవాళ్లకు ఒక నోటీసు వెళ్లే పద్ధతి ఉంది కానీ అది కూడా అవతలివాళ్లు పేరు తీసుకున్నాకే వస్తుంది. మీరు అక్కడ నమోదు చేసుకున్నట్టు రాయలేదు కాబట్టి ఆ ప్రశ్నే రాదు. కట్టకండి, మళ్లీ జవాబూ ఇవ్వకండి.

ఇక ప్రభుత్వ ఆమోదం సంగతి. వాళ్లు చెప్పిన అబద్ధంలో కాస్త నిజం కలిసి ఉంది, అందుకే మీకు అనుమానం వచ్చింది.

ఏ ఎక్స్‌టెన్షన్ అయినా ఇంటర్నెట్‌లో పనిచేయాలంటే రూట్ జోన్ అనే ఒకే ఒక్క జాబితాలో ఉండాలి. ఆ జాబితాను చూసుకునేది ఐకాన్, 1998లో కాలిఫోర్నియాలో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. 2016 అక్టోబరు 1 దాకా దాని మీద అమెరికా వాణిజ్య శాఖకు ఒక అజమాయిషీ ఉండేది, ఇప్పుడు అదీ లేదు. కాబట్టి డాట్ కామ్‌కు గానీ డాట్ ఎక్స్‌వైజెడ్‌కు గానీ ప్రపంచమంతటికీ చెల్లే ప్రభుత్వ లైసెన్సు అంటూ ఏదీ లేదు. మీరు కొన్న పేరుకైతే అసలే లేదు. మీ చేతిలో ఉన్నది రిజిస్ట్రార్‌తో ఒక కాంట్రాక్టు, అంతే.

అలాగని ప్రభుత్వాల మాట చెల్లదనుకోకండి. ఐకాన్‌లో దేశాల ప్రతినిధులతో ఒక సలహా సంఘం ఉంది, పేరుకే సలహా. 2012లో కొత్త ఎక్స్‌టెన్షన్ల కోసం ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్లు కట్టించుకుని పిలిస్తే 1,930 దరఖాస్తులు వచ్చాయి. అందులో ఒకటి అమెజాన్ కంపెనీ అడిగిన డాట్ అమెజాన్. ఆ పేరు మా నదిది, మా అడవిది అని బ్రెజిల్, పెరూ అడ్డం తిరిగాయి. 2013లో సలహా సంఘం వద్దంది, 2014లో ఐకాన్ బోర్డు తిరస్కరించింది, కంపెనీ స్వతంత్ర సమీక్షకు వెళ్లి 2017లో నెగ్గింది, చివరికి ఆ ఎక్స్‌టెన్షన్ రూట్‌లోకి చేరేసరికి 2020 అయింది. అంత డబ్బు, అంతమంది లాయర్లు ఉన్న కంపెనీకే ఎనిమిదేళ్లు పట్టింది మరి! రాజధాని నగరం పేరు ఎక్స్‌టెన్షన్‌గా కావాలంటే అక్కడి ప్రభుత్వం నుంచి మాకు అభ్యంతరం లేదని ఉత్తరం తేవాల్సిందే. అయితే ఇదంతా ఎక్స్‌టెన్షన్‌ను నడపాలనుకునేవాళ్ల తలనొప్పి. దాని కింద ఒక పేరు కొనుక్కునే మీకు దీంతో పనిలేదు.

నిజంగా ఎక్స్‌టెన్షన్‌కే ప్రభుత్వ ఆమోదం అడిగే దేశం చైనా. 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, అక్కడ పేర్లు అమ్మాలంటే ఆ ఎక్స్‌టెన్షన్ నడిపే సంస్థకు చైనాలో కంపెనీ ఉండాలి, పరిశ్రమలు-ఐటీ మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉండాలి, కొనేవాళ్లు అసలు పేరుతో గుర్తింపు చూపాలి. మీరు చైనా గడ్డ మీది సర్వర్‌లో సైట్ పెట్టాలనుకుంటే ఈ ఆమోదం ఉన్న ఎక్స్‌టెన్షనే తీసుకోవాలి, ఆపైన సైట్‌కు విడిగా ఐసీపీ అనే ప్రభుత్వ నమోదూ చేయించాలి. సర్వర్ ఇంకెక్కడో ఉంటే ఈ ఆమోదం లేదన్న కారణంతో మీ సైట్‌ను ఎవరూ ఆపలేరు. ఇంతకీ ఆమోదం అనేది ఎక్స్‌టెన్షన్ నడిపే సంస్థకు సంబంధించింది. మీకు ఈమెయిల్ పెట్టినవాళ్లు డబ్బు తీసుకుని మీకు ఇప్పించగలిగేది కాదు.

మీరు అడగలేదు గానీ, మీ డాట్ ఐఓ గురించి చెప్పకుండా వదల్లేను. రెండక్షరాల ఇంగ్లిష్ ఎక్స్‌టెన్షన్లన్నీ దేశాలకో ప్రాంతాలకో చెందినవి. డాట్ ఐఓ అంటే ఇన్‌పుట్-అవుట్‌పుట్ అని సాఫ్ట్‌వేర్ వాళ్లు మురిసిపోతారు కానీ అది బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం కోడ్. ఆ దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద 2025 మేలో సంతకాలయ్యాయి. రేపు ఆ ప్రాంతం పేరు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) దేశాల కోడ్ల జాబితా నుంచి పోతే, ఎక్స్‌టెన్షన్‌ను కూడా మూసే ప్రక్రియ మొదలుకావచ్చు. అప్పటికప్పుడు ఆపేయరు, ఐకాన్ విధానంలో మామూలుగా 5 ఏళ్ల గడువు, దాన్ని ఇంకో 5 ఏళ్ల దాకా పొడిగించే వీలూ ఉన్నాయి. యుగోస్లావియా డాట్ వైయూ 2010లో పోయింది, సోవియట్ యూనియన్ 1991లోనే పోయినా దాని డాట్ ఎస్‌యూ ఆ తర్వాత దశాబ్దాలు బతికింది. కాబట్టి రేపే ఇల్లు మారాల్సిన అవసరం లేదు కానీ, అదే పేరు మరో పెద్ద ఎక్స్‌టెన్షన్‌లో దొరికితే ఇప్పుడే తీసి పక్కన పెట్టుకోండి.

దేశాల ఎక్స్‌టెన్షన్లలో ఇంకో చిక్కు కూడా ఉంది, అక్కడి రూలే రూలు. 2010లో లిబియా తన డాట్ ఎల్‌వై కింద ఉన్న ఒక లింకులు కుదించే సైట్‌ను స్థానిక చట్టానికి విరుద్ధమంటూ తీసేసింది. బ్రిటన్ ఈయూ నుంచి బయటికొచ్చాక, 2021 మొదట్లో, అర్హత పోయిన బ్రిటన్ కంపెనీల డాట్ ఈయూ పేర్లు పనిచేయడం మానేశాయి. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, ఫీజులూ కట్టారు.

ఇక నిజంగానే ఎవరైనా మీ పేరు తీసుకుంటే? డొమైన్ పేర్ల తగాదాలు కోర్టుకు వెళ్లకుండా తేల్చే యూడీఆర్‌పీ అనే పద్ధతి 1999 నుంచి ఉంది, డాట్ కామ్‌తో పాటు డాట్ ఏషియాకూ వర్తిస్తుంది. డాట్ సీఎన్‌కు వేరే నియమావళి ఉంది. యూడీఆర్‌పీలో మీరు మూడూ రుజువు చేయాలి: ఆ పేరు మీ ట్రేడ్‌మార్క్‌ను పోలి తికమక పెట్టేలా ఉందని, అవతలివాళ్లకు దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే తీసుకుని వాడుతున్నారని. ఈ ఫిర్యాదులు తీసుకునే వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒకే ప్యానెలిస్టుతో, అంటే ఒకే తీర్పరితో, 5 పేర్ల దాకా ఫీజు 1,500 డాలర్లు. గెలిస్తే పేరు మీకు వస్తుంది లేదా రద్దవుతుంది, నష్టపరిహారం మాత్రం రాదు. ట్రేడ్‌మార్క్ హక్కు చూపించలేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. కాబట్టి ఆ ఈమెయిల్ వాళ్లకు కట్టాలనుకున్న డబ్బు ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు పెట్టండి.

ఇంకొక్క పని, ఇవాళే చేయండి. మీ రిజిస్ట్రార్ ఖాతా తెరిచి, యజమాని అన్నచోట ఎవరి పేరుందో, రెన్యువల్ ఈమెయిల్ ఎవరి ఇన్‌బాక్స్‌కు వెళ్తోందో చూడండి. నా దగ్గరికి వచ్చే డొమైన్ గొడవల్లో చాలావాటికి మూలం చైనా కాదు, ఏ ప్రభుత్వమూ కాదు, ఎప్పుడో ఉద్యోగం మానేసిన డెవలపర్ సొంత జీమెయిల్. అలా ఉంటే అతనితో మాటలు బాగున్నప్పుడే కంపెనీ పేరు మీదికి మార్పించుకోండి.