సీపీఆర్ నోట్స్ తెరిచే ముందు సంవత్సరం చూడండి

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, ఊపిరి ఇచ్చే అత్యవసర పద్ధతి) గురించి సీనియర్ల నోట్స్‌లో ఒకలా, కోఠిలో కొన్న పాత పుస్తకంలో ఇంకోలా, యూట్యూబ్‌లో మరోలా ఉంది. ప్రాక్టికల్స్ అంటే టెన్షన్‌గా ఉంది. దేన్ని నమ్మాలి?

జవాబు: మీరు చదివినవాటిలో చాలావరకు ఒకప్పుడు సరైనవే. సీపీఆర్ పద్ధతులు కొన్నేళ్లకోసారి మారుతుంటాయి, అందుకే ఈ గందరగోళం. ఎయిర్‌వే (శ్వాసమార్గం తెరవడం), బ్రీతింగ్ (ఊపిరి ఇవ్వడం) తర్వాతే కంప్రెషన్లు (ఛాతీ నొక్కడం) అని మీ పుస్తకంలో ఉంటే అది 2010కి ముందు మాట. ఆ ఏడాది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కంప్రెషన్లను మొదటికి తెచ్చింది. ‘నిమిషానికి కనీసం 100’ అన్న వేగం 2015లో ‘100 నుంచి 120’ అయింది. పెద్దవాళ్లలో ఛాతీ నొక్కే లోతు కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి, 6 దాటకూడదు. కాబట్టి ఏది చదివినా ఎవరు చెప్పారు, ఏ ఏడాది చెప్పారు అన్నది ముందు చూడండి.

ఆ సంస్థ తాజా గైడ్‌లైన్స్ 2025 అక్టోబరులో వచ్చాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. స్కిల్ ల్యాబ్‌లో పసిబిడ్డ మానికిన్ (శిక్షణ బొమ్మ) మీద రెండు వేళ్లతో నొక్కడం నేర్పించి ఉంటారు కదా, ఇప్పుడు ఆ పద్ధతి వద్దంటున్నారు. ఒక చేతి మడమతో (అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో) నొక్కాలి, లేదా రెండు చేతులతో ఛాతీని చుట్టిపట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాలి. మీ నోట్స్‌లో ఇది లేకపోతే ఈ రోజే రాసుకోండి.

నోటితో ఊపిరి ఇవ్వక్కర్లేదని చెప్పే వీడియోలూ చూసే ఉంటారు. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ శిక్షణ లేని మామూలు జనం కోసం కంప్రెషన్లు మాత్రమే ఉండే పద్ధతి పెట్టింది. అది వాళ్లకు సరైనదే. మీరు నర్సు కాబోతున్నారు, పెద్దవాళ్లకు 30 కంప్రెషన్లకు 2 శ్వాసలు మీ చేతికి అలవాటు కావాలి. ఏ వీడియో అయినా ఎవరి కోసం చేశారో చూడకుండా నమ్మకండి.

మీ ట్యూటర్ పాత పద్ధతి చెబితే క్లాసులో వాదన పెట్టుకోవద్దు. గైడ్‌లైన్స్‌లో ఆ పేజీ ప్రింట్ తీసుకెళ్లి, ‘మేడమ్, పరీక్షలో ఏది రాయమంటారు?’ అని అడగండి. వైవాలో ‘2025 గైడ్‌లైన్స్ ప్రకారం’ అని ఏడాదితో సహా చెప్పండి.

ఇక ఉద్యోగం సంగతి. నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రులు ఇంటర్వ్యూలో బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, సీపీఆర్ నేర్పే కోర్సు) కార్డు అడగడం మామూలే. ఆ కార్డు రెండేళ్లే చెల్లుతుంది. ఇప్పుడే డబ్బు కట్టేస్తే డిగ్రీ చేతికొచ్చేసరికి గడువు అయిపోతుంది. నాలుగో ఏడాదిలో చేయండి. ఇంట్లో కూర్చుని క్విజ్ రాస్తే వచ్చే సర్టిఫికెట్ మాత్రం కొనకండి, అందులో మీ చేతులను పరీక్షించేవాళ్లు ఉండరు. ఫీజు కట్టే ముందు సెంటర్ వాళ్లను రెండే అడగండి: మానికిన్ మీద నాతో చేయిస్తారా, ఇప్పుడు నేర్పేది 2025 గైడ్‌లైన్సేనా?